మూడు గోత్రాల అటక

సోమవారం పొద్దున, ఇంకా టీ కూడా రాకముందే, నూజివీడు ఆఫీసులో అటక కనిపించడం లేదని బయటపడింది.

ఆ ఆఫీసులో వస్తువులు కనిపించకుండా పోవడం కొత్తేమీ కాదు. గొడుగులు పోయేవి. ఫ్యాను రెగ్యులేటర్లు పోయేవి. ఒక ఏడాది గోడ గడియారమే పోయింది. దానివంక చూసే అలవాటు ఎవరికీ లేకపోవడంతో ఆ సంగతి చాలాకాలం తెలియలేదు. కానీ అటక పోవడం మాత్రం శాఖ పుట్టాక ఇదే మొదలు.

“సరిగ్గా చూశారా?” అడిగింది మంగతాయారు.

“తల పైకెత్తి మరీ చూశాను మేడం,” అన్నాడు వీరభద్రం. “అన్ని గదుల్లోనూ చూశాను. ఎక్కడా అటక లేదు.”

మంగతాయారు అతనికి అందించబోయిన పెన్నుకు తిరిగి మూత పెట్టింది. ఆ పెన్నుతో అతను ఒక్క సంతకం గీకితే ఆమె మూడేళ్ళ వనవాసం తీరిపోయేది. భర్త శ్రీకాకుళం దగ్గర రణస్థలంలో బడిపంతులు. కూతురు ఆయన దగ్గరే చదువుకుంటోంది. ఈమె ఇక్కడ సీనియర్ అసిస్టెంటు. ఏటా దరఖాస్తు పెట్టగా పెట్టగా ఈ వేసవిలో శ్రీకాకుళానికి బదిలీ వచ్చింది. ఆమె స్థానంలోకి బందరు నుంచి వీరభద్రం వచ్చాడు. ఆమె అతనికి చార్జి అప్పగించాలి, అతను పుచ్చుకోవాలి, డిప్యూటీ డైరెక్టరు ఆమెను రిలీవ్ చెయ్యాలి. ఇదంతా ఈ నెలాఖరులోగా జరగాలి. నెల దాటితే బదిలీల మీద నిషేధం మళ్ళీ మొదలవుతుంది. అప్పటికి రిలీవ్ కానివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే.

మామూలుగా అయితే ఇది టీ చల్లారేలోపు అయ్యే పని. చార్జి అప్పగించడానికి ఆ శాఖలో ఒక సంప్రదాయం ఉంది. ఇచ్చేవాళ్ళు వస్తువుల పేర్లు చదువుతారు. పుచ్చుకునేవాళ్ళు ఊఁ కొడతారు. బల్లలు పన్నెండు. ఊఁ. ఇనప బీరువాలు అయిదు. ఊఁ. చివర ‘అన్నీ స్వయంగా చూసి స్వీకరించాను’ అని సంతకం. నిజంగా చూడటం ఆచారంలో లేదు. చూస్తే అవతలి మనిషిని అనుమానించినట్టవుతుందని పెద్దలు అంటారు. మూడేళ్ళ కిందట ‘అటక ఒకటి’ అన్నప్పుడు మంగతాయారు కూడా మర్యాదగా ఊఁ కొట్టింది.

వీరభద్రం కూడా కొట్టేవాడే. అతని తల పైకి ఎత్తించింది కొత్త సర్క్యులరు.

మొన్న ఉగాది దాకా అది భవనాల పర్యవేక్షణ శాఖ. అప్పుడు ధర్మతేజ అనే కొత్త డైరెక్టరు వచ్చాడు. ఎక్కడో ఒక శిక్షణా తరగతిలో ఆయనకు జ్ఞానోదయమైంది: భూమ్మీద స్థలం అయిపోవచ్చింది, పైన మాత్రం బోలెడంత ఖాళీగా ఉంది. మర్నాటికి బోర్డులన్నీ ‘ఊర్ధ్వస్థల వికాస శాఖ’ అయిపోయాయి. వారం తిరక్కుండా సర్క్యులరు దిగింది. ‘ప్రతి కార్యాలయము తన ఆధీనమందలి ఊర్ధ్వస్థలములను గుర్తించి, కొలిచి, సద్వినియోగపరచి నివేదించవలెను. చార్జి స్వీకరించువారు ఊర్ధ్వస్థలములను తల పైకెత్తి చూసి మాత్రమే స్వీకరించవలెను. ఊర్ధ్వస్థలము లోపించిన ఎడల సదరు ఉద్యోగిని విడుదల చేయరాదు.’

“పోయింది ఒక్క అటకే కదండీ,” అంది మంగతాయారు, ప్రాణం ఉగ్గబట్టుకుని.

“ఒకటి కాదు మేడం, మూడు.” వీరభద్రం కాగితాలు ముందుకు జరిపాడు. “ఇంగ్లీషు జాబితాలో అటిక్ ఒకటి. పాత ప్లానులో లాఫ్ట్ ఒకటి. తెలుగు జాబితాలో అటక ఒకటి. వెరసి మూడు.”

“మూడూ ఒకటేనండీ బాబూ!”

“ఒకటేనని ఎవరు ధ్రువీకరించారు?”

కోపం వస్తే మంగతాయారు నోటివెంట ఊరి మాట వచ్చేస్తుంది. “ఏటండీ ఇది! అటకని అటకేనని ఎవడైనా సర్టిఫికెట్టు రాసిస్తాడేటి?”

వీరభద్రం దుర్మార్గుడు కాదు. భయస్తుడు. “కోప్పడకండి మేడం. రేపు నాకు బదిలీ అవుతుంది. నా తర్వాత వచ్చేవాడు కూడా తల పైకెత్తితే నా గతేంటి?”

*

డిప్యూటీ డైరెక్టరు ప్రసన్నాంజనేయులు గారి గది ఆ ఆఫీసు మొత్తానికి చల్లని చోటు. భవనం జమీందారుల కాలం నాటి కచేరీ. మిగతా గదుల్లో కప్పు ఎక్కడో గబ్బిలాలకు మాత్రమే తెలిసినంత ఎత్తున ఉంటుంది. ఈయన గదిలో తెల్లటి పలకలతో ఫాల్స్ సీలింగు, గోడకి ఏసీ. ఆఫీసులో అందరికంటే పాతకాపు ఆయనే. మూడేళ్ళ కిందటి బదిలీల్లో మిగతా సిబ్బంది అంతా మారిపోయినా ఆయన ఒక్కడూ మిగిలాడు.

ఇద్దరూ వెళ్ళేసరికి ఆయన చక్కెర లేని టీ తాగుతున్నాడు.

“సార్, అటక పోయిందండి,” అన్నాడు వీరభద్రం.

గ్లాసు సాసర్లో కాకుండా పక్కనున్న స్టాంపు ప్యాడ్‌లో దిగింది.

“అటకా? ఏ అటక? ఎవరు చెప్పారు? ఎవరు చూశారు?”

“ఎవరూ చూడలేదండి. అదే సమస్య.”

ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. అంతలో ఫోను మోగింది. డిప్యూటీ డైరెక్టరు గారి కంఠం ఒక్కసారిగా బుద్ధిమంతుడిదైపోయింది. “ఆఁ పద్మాసనీ... వేసుకున్నాను. మధ్యాహ్నం మాత్ర కూడా వేసుకుంటాను. మజ్జిగే. ఒట్టు.”

ఆయనకు షుగరు ఉందని ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసేలా చేసింది ఆయన భార్య పద్మాసని. ఒకసారి పొరపాటున ఆయన టీలో చక్కెర వేసినందుకు క్యాంటీను యజమాని ఆమె ఫోను అందుకుని, మాట్లాడటం పూర్తయ్యాక షాపు మూసేసి ఇంటికి పోయాడు.

ఫోను పెట్టేసి ఆయన మళ్ళీ అధికారి అయ్యాడు. “ఇది మిక్కిలి తీవ్రమైన పరిణామం. తొందరపడరాదు. ముఖ్యంగా ఎవరూ పైకి చూడరాదు.”

“పైకి చూడకుండా అటకని ఎలా వెతుకుతామండీ?” అంది మంగతాయారు.

“అదే సామాన్యులు చేసే పొరపాటమ్మా. పైకి చూస్తే దర్యాప్తు పక్కదారి పడుతుంది. ముందు చుట్టుపక్కల చూడాలి. పోలీసు కంప్లయింటు ఇవ్వండి.”

“సార్, నెలాఖరు...”

“న్యాయం జరగడానికి టైము పడుతుంది. జూన్ మూడో వారంకల్లా అటక దానంతటదే దొరకొచ్చు కూడా. నా అనుభవం చెబుతోంది.”

జూన్ మూడో వారమే ఎందుకని ఆ క్షణాన ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది.

*

పోలీసు స్టేషన్ దాకా మామిడి వాసనే. బస్టాండు, కోర్టు, ఆస్పత్రి, అన్నీ అదే వాసన. మే నెల నూజివీడులో అది ఎవరూ పట్టించుకునే వాసన కాదు, వాతావరణం.

ఎస్సై దావీదు కంప్లయింటు రెండుసార్లు చదివాడు. “దొంగతనం కుదరదండి. దొంగతనం అంటే వస్తువుని ఉన్నచోటు నుంచి కదిలించాలి. అటక స్థిరాస్తి. అది కదలదు.”

“కదిలిందనేగా మేం వచ్చింది?” అన్నాడు వీరభద్రం.

“కదిలితే స్థిరాస్తి కాదు. స్థిరాస్తి కాకపోతే అటక కాదు. అటకే కాకపోతే మీది పోలేదు.” ఎస్సై మంగతాయారు మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. “ఒక పని చెయ్యండమ్మా. దీన్ని కబ్జా కింద రాయించండి. రెవెన్యూ వాళ్ళు వచ్చి కొలుస్తారు.”

సర్వేయరు వచ్చాడు. గొలుసు వేలాడదీసి బయట గోడ ఎత్తు కొలిచాడు. తర్వాత డిప్యూటీ డైరెక్టరు గారి గది లోపల ఎత్తు కొలిచాడు. లోపలి కొలత బయటి కొలతకంటే నిలువెత్తు మనిషంత తక్కువ వచ్చింది. సర్వేయరు చాలాసేపు ఆలోచించాడు. పక్కనే నిలబడ్డ డిప్యూటీ డైరెక్టరు కూడా ఊపిరి బిగబట్టి ఆలోచించాడు.

“ఇంత తేడా ఉండకూడదే,” అన్నాడు సర్వేయరు.

“ఎండకి గోడలు సాగుతాయి కదా,” అన్నాడు డిప్యూటీ డైరెక్టరు. “లోపల ఏసీ ఉంది. సాగలేదు.”

సర్వేయరు ముఖం వికసించింది. ‘కొలతలో స్వల్ప వ్యత్యాసము సర్దుబాటు చేయబడినది’ అని రాసి, గొలుసు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఈలోగా ఆఫీసు పని ఆగకూడదు కాబట్టి, ఖాళీ అయిన అటక స్థానాన్ని భర్తీ చెయ్యాల్సి వచ్చింది. అధికారి లేకపోతే ఇన్‌చార్జి అధికారిని వేస్తారు. అటక లేకపోతే? నిబంధనలు క్షుణ్ణంగా పరిశీలించి, రెండో నంబరు ఇనప బీరువా నెత్తిని ‘ఇన్‌చార్జి అటక’గా నియమిస్తూ ఉత్తర్వు జారీ చేశారు. నిజానికి డిప్యూటీ డైరెక్టరు గదిలోని బీరువా అన్నిటికంటే పొడుగు. దాన్నే వేద్దామని వీరభద్రం అంటే ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. “నా గదిలో బీరువా ఎవరూ ఎక్కడానికి వీల్లేదు! అది గోప్యమైన బీరువా!”

మంగతాయారుకు ఆశ పుట్టింది. “వీరభద్రం గారూ, ఇప్పుడు అటక ఉందిగా? ఊఁ కొట్టి సంతకం పెట్టెయ్యండి.”

“అది ఇన్‌చార్జి మేడం. ఇన్‌చార్జిని చార్జి ఇవ్వకూడదు. రూలు.”

ఆ సాయంత్రం రణస్థలం నుంచి భర్త ఫోను చేశాడు. “స్కూల్లో దరఖాస్తు ఫారం ఇచ్చారు. తల్లి చిరునామా అని ఉంది. ఏటి రాయమంటావు?”

“ఆగండి,” అంది మంగతాయారు. “ఇంకా దొరకలేదు.”

*

మూడు మాటలూ ఒకే వస్తువా కాదా తేల్చడానికి డిప్యూటీ డైరెక్టరు ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. రిటైరైన భాషాశాస్త్ర ఆచార్యులు భావనారాయణ గారు. వారం రోజులు పడుతుందని ఆయన అంటే, “పది రోజులు తీసుకోండి, పరవాలేదు” అని డిప్యూటీ డైరెక్టరే బతిమాలాడు. కానీ ఆచార్యులవారికి చాలాకాలంగా వినేవాళ్ళు దొరకలేదు. మర్నాడే వచ్చేశారు.

ఆఫీసంతా డిప్యూటీ డైరెక్టరు గదిలో చేరింది.

“మొదట అటిక్,” మొదలుపెట్టారు ఆచార్యులు. “ఇది గ్రీసు దేశస్థురాలు. ఏథెన్సు నగరం ఉన్న సీమ పేరు అట్టికా. భవనం ముఖద్వారం పైన, ఆ సీమ పద్ధతిలో చిన్న చిన్న స్తంభాలు నిలిపి కట్టే పొట్టి అంతస్తుకి ఫ్రెంచివారు ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషువారు దాన్ని తెచ్చుకుని, నెమ్మదిగా ఇంటి కప్పు కింద గదికి అతికించారు. ఒకప్పుడు రాజభవనాల నుదుటి మీద వెలిగిన మాట, ఇప్పుడు విరిగిన కుర్చీలకి కాపలా కాస్తోంది.”

“అయ్యో,” అన్నాడు వీరభద్రం.

“రెండోది లాఫ్ట్. ఇది ఉత్తరాన మంచు సముద్రాల మీద ఓడలు నడిపిన జనం మాట. వారి భాషలో దీనికి గాలి అనీ ఆకాశమనీ అర్థం. ఆ ఆకాశమే దిగి దిగి మేడ మీది గది అయింది. ఇంకా దిగి పశువుల కొట్టం మీద ఎండుగడ్డి దాచుకునే చోటయింది.”

ఎండుగడ్డి అనగానే డిప్యూటీ డైరెక్టరుకి పొలమారింది. మంచినీళ్ళిచ్చారు.

“మూడోది మన అటక. సంస్కృతంలో అట్టము, అట్టకము. కోట బురుజు మీది గది, మేడ పై అంతస్తు. అటక, అటిక్, వినడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మా శిష్యుడొకడు ఇంగ్లీషువాళ్ళు మన ఆవకాయ జాడీలు చూసి ఆ మాట ఎత్తుకుపోయారని పుస్తకమే వేశాడు. తప్పు. పోలిక కాకతాళీయం. మూడింటివీ మూడు వంశాలు, మూడు గోత్రాలు. కాబట్టి ఈ మూడూ ఒకటని నేను సంతకం పెట్టలేను.”

“అర్థం ఒకటే కదండీ!” అంది మంగతాయారు.

“అర్థం ఒకటే. గోత్రాలు వేరు. వేరు వేరు గోత్రాల వాళ్ళు అన్నదమ్ములెలా అవుతారమ్మా?”

“మొగుడూ పెళ్ళాలవుతారు! ఒకే ఇంట్లో ఉంటారు! ఉండనిస్తే!”

ఆచార్యులవారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “అది నా శాస్త్ర పరిధిలోకి రాదు,” అన్నారు, కాస్త నొచ్చుకుంటూనే.

నివేదిక డైరెక్టరుకి వెళ్ళింది. రెండు జవాబులు ఒకే టపాలో వచ్చాయి. మొదటిది అభినందన: రాష్ట్రంలో ఒకే భవనంలో మూడు ఊర్ధ్వస్థలములు కలిగిన ఏకైక కార్యాలయముగా నూజివీడు ప్రథమ స్థానంలో నిలిచినందుకు. రెండోది మెమో: సదరు మూడింటినీ పోగొట్టినందుకు. మెమో మంగతాయారు పేరు మీద ఉంది. అభినందన డిప్యూటీ డైరెక్టరు పేరు మీద.

*

నెల చివరి రోజు డైరెక్టరు ధర్మతేజ స్వయంగా తనిఖీకి వచ్చాడు. ఎస్సై దావీదునీ, ఆచార్య భావనారాయణనీ పిలిపించాడు. అందరూ డిప్యూటీ డైరెక్టరు గదిలో కూర్చున్నారు. మంగతాయారు గుమ్మం పక్కన నిలబడింది. ఆమె కాళ్ళ దగ్గర సర్దిన బ్యాగు ఉంది. సాయంత్రం బండికి టికెట్టు అందులోనే ఉంది.

“మిత్రులారా!” అన్నాడు డైరెక్టరు. “ఊర్ధ్వం అంటే ఒక స్థలం కాదు. ఒక దృక్పథం. మన జాతి వేల సంవత్సరాలుగా కిందికి చూస్తూ నడిచింది. ఎందుకు? ముళ్ళు ఉంటాయని. ఇవాళ మన పాదాలకు చెప్పులున్నాయి. అయినా పైకి చూస్తున్నామా? లేదు! అందుకే మూడు ఊర్ధ్వస్థలాలు మన కళ్ళ ముందే మాయమయ్యాయి. దీనికి బాధ్యులైన మంగతాయారు గారి బదిలీని రద్దు చేసి, ఆమె స్వయంగా వాటిని వెతికి పట్టుకునేదాకా ఇక్కడే...”

మంగతాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతమంది ముందు చెంపల మీదికి జారకూడదని తల పైకెత్తింది.

ఆ రోజు ఆ గదిలో తల పైకెత్తిన మొదటి మనిషి ఆమె.

నీళ్ళ మసకలోంచి ఏదో నల్లటి గీత కదిలినట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని చూసింది. గీత కాదు. చీమలు. ఏసీ గొట్టం పక్కనుంచి బారులు తీరి గోడ ఎక్కుతున్నాయి. బీరువా పైకి, అక్కణ్ణుంచి సీలింగు పలక అంచులోకి. కొన్ని తిరిగి దిగుతున్నాయి. దిగేవి ఎక్కేవాటికి మూతి ఆనించి ఏదో శుభవార్త చెబుతున్నాయి.

“సార్,” అంది. “ఒక్క ప్రశ్న అడగొచ్చా?”

“సంక్షిప్తంగా.”

“ఈ గదిలోకి చక్కెర లేని టీ, మజ్జిగ తప్ప ఇంకేమీ రావు. పద్మాసని మేడం గారి ఆర్డరు. మరి ఇన్ని చీమలు దేనికొస్తున్నాయండీ?”

అందరి తలలూ పైకి లేచాయి. ఒక్క తల మాత్రం కిందికి వాలింది.

“మన శాఖకి దొరకని ఊర్ధ్వస్థలం చీమలకి దొరికినట్టుంది సార్,” అంది మంగతాయారు.

ఎస్సై సైగ చెయ్యగానే వీరభద్రం స్టూలెక్కి, స్టూలు మీంచి గోప్యమైన బీరువా ఎక్కి, పలకని అరచేత్తో నెట్టాడు. అది అలవాటైన తలుపులా చప్పుడు లేకుండా తెరుచుకుంది. గుప్పెడు వరిగడ్డి జలజలా డైరెక్టరు నెత్తిన రాలింది. గుప్పుమని వాసన దిగింది. వీరభద్రం నడుము దాకా పైకి మాయమయ్యాడు.

“మేడం!” పైనుంచి కేక వినిపించింది. “అటక ఉందండి! టేకు చెక్కది! బ్రహ్మాండంగా ఉంది!”

“ఎన్ని?” అరిచారు ఆచార్యులవారు.

“ఒకటేనండి!”

“ఇంకేముంది?” అన్నాడు ఎస్సై.

జవాబుకి ముందు ఏదో జుర్రిన చప్పుడు. “చిన్న రసాలండి.”

మంగతాయారు ఒక్క అంగలో స్టూలెక్కింది. చార్జి కాగితం, పెన్ను పైకి అందించింది. “ముందు సంతకం. తర్వాత పండు.”

ఆ శాఖ చరిత్రలో ‘స్వయంగా చూసి స్వీకరించాను’ అని నిజంగా చూసి సంతకం పెట్టిన మొదటి ఉద్యోగి వీరభద్రం. కాగితం మీద రసం మరక కూడా సాక్ష్యంగా పడింది.

సరిగ్గా అప్పుడే బల్లమీద ఫోను మోగింది. తెర మీద పద్మాసని పేరు. డిప్యూటీ డైరెక్టరు దానివంక పాముని చూసినట్టు చూశాడు. మంగతాయారు దాన్ని మర్యాదగా చేతిలోకి తీసుకుంది. రెండో చేత్తో రిలీవింగ్ ఆర్డరు ఆయన ముందు పెట్టింది.

“సార్. మీరు సంతకం పెడతారా, నేను మేడం గారితో మాట్లాడనా?”

ఆయన పెట్టిన సంతకం చాలా వేగంగా ఉంది, అయినా చక్కగా చదవడానికి వీలుగా ఉంది. మంగతాయారు ఫోను మోగనిచ్చి, ఆగిపోయాక తిరిగి బల్లమీద పెట్టింది. బ్యాగు భుజాన వేసుకుంది. వీరభద్రం పైనుంచి ఒంగి, దోరగా ముగ్గినవి కొన్ని ఆమె బ్యాగులో జారవిడిచాడు. “పాపకి మేడం. చార్జిలో రాయలేదులెండి.”

ఆమె వెళ్ళిపోయింది.

డైరెక్టరు మాత్రం జుట్టులోని గడ్డి కూడా దులుపుకోకుండా అటక వంకే చూస్తున్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

“అద్భుతం,” అన్నాడు. “రాష్ట్రమంతటా నా సర్క్యులరుకి ‘సద్వినియోగపరచబడుచున్నది’ అని ఉత్తుత్తి జవాబులు. ఇక్కడ ఒక్కచోటే నిజంగా వినియోగం జరిగింది. ప్రసన్నాంజనేయులు గారూ! మీరు ఉత్తమ ఊర్ధ్వాధికారి! రేపు అన్ని పేపర్లలో ఫోటో. మీరు ఈ బీరువా మీద, చేతిలో పండు, మూతికి రసం. కుటుంబసమేతంగా సన్మానం!”

డిప్యూటీ డైరెక్టరు ముఖం తెల్లబోయింది. కుర్చీలోంచి లేచి, డైరెక్టర్ని దాటుకుని, నేరుగా ఎస్సై దావీదు ముందుకెళ్ళి రెండు చేతులూ చాపాడు.

“బేడీలు వెయ్యండి ఎస్సై గారూ. రాసుకోండి. నేనే దొంగని. సన్మానం వద్దు, కేసు పెట్టండి.

“మూడేళ్ళ కిందట డాక్టరు షుగరన్నాడు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో మామిడిపండు అనే మాట కూడా లేదు. బజార్లో కొందామంటే ప్రతి పళ్ళకొట్టువాడి దగ్గరా మా ఆవిడ ఫోను నంబరుంది. నూజివీడులో పుట్టి, నూజివీడులో పెరిగి, మే నెలంతా వాసన పీల్చుకుంటూ మజ్జిగ తాగమంటే మనిషన్నవాడు తాగగలడా అండీ? ఒకరోజు ఈ గదిలో తల పైకెత్తాను. పైన అటక. ఎవరూ ఎక్కని అటక. దేవుడే చూపించాడనుకున్నాను. ఆధునికీకరణ అని రాసి దానికింద ఈ పలకలు వేయించాను. పచ్చికాయలు ఊరవతల తోటలోంచి నేరుగా ఫైళ్ళ సంచీలో తెచ్చుకున్నాను. పాత సిబ్బంది అంతా ఆ నెలే బదిలీ అయిపోయారు. కొత్తవాళ్ళు ఊఁ కొట్టారు. అటకని నేను దొంగిలించలేదు బాబూ, దానికింద ఇంకో కప్పు పెట్టానంతే. యోగా అని మధ్యాహ్నం మూడింటికి తలుపేసుకుని నేను చేసింది సూర్యనమస్కారాలు కాదు, కాయలు తిప్పడం. గడ్డిలో రోజు విడిచి రోజు తిప్పకపోతే ఒక పక్కే ముగ్గుతాయి.

“సర్క్యులరు వచ్చినప్పుడే చెప్పేద్దామనుకున్నాను. అప్పుడే మొదటి కాపు గడ్డిలో పెట్టి ఉన్నాను. జూన్ మూడో వారానికి సీజను అయిపోతుంది, అప్పుడు నేనే అటకని కనిపెట్టి అందరికీ చూపిద్దామనుకున్నాను. ఆ అమ్మాయి బదిలీ మధ్యలో వస్తుందనుకోలేదు. వచ్చాక కూడా ఒక్క వారం, ఇంకొక్క వారం అనుకుంటూ పోలీసుల్నీ, సర్వేయర్నీ, గ్రీసు దేశాన్నీ అడ్డం పెట్టాను. ఆవిడ ఆ మూల నిలబడి తల పైకెత్తినప్పుడు చీమల్ని చూస్తోందనుకోలేదు నేను. ఏడుపు ఆపుకుంటోందని తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. అది మాత్రం దొంగతనమే. దానికి ఏ సెక్షనుంటే ఆ సెక్షను వెయ్యండి. లాకప్‌లో పెట్టండి, లేదంటే ఆ అటక మీదే నిర్బంధించండి, ఇంకా రెండు వరసలు పచ్చిగా ఉన్నాయి.

“ఒక్కటే మనవి. కాగితంలో దొంగనని రాయండి. అబద్ధాలకోరునని రాయండి. ప్రభుత్వ అటక మింగేశానని రాయండి. పళ్ళు తిన్నానని మాత్రం రాయకండి బాబూ, మా ఆవిడ చదువుతుంది.”